ట్రాక్ డేలో బండి పడితే: శ్రీకాకుళం, విజయనగరం రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో రేస్ ట్రాక్ లేదు. ఇక్కడి కుర్రాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి. శ్రీకాకుళం నుంచి అది దాదాపు 900 కిలోమీటర్లు. చెన్నై వాడు పడితే సాయంత్రానికి ఇంటికి చేరిపోతాడు. మనవాడు పడితే మనిషినీ బండినీ రాష్ట్రం దాటించి తెచ్చుకోవాలి. ఈ జవాబులన్నీ ఆ దూరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ట్రాక్ డే అంటే రేసేనా?

కాదు. ఫీజు కట్టి మన బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు. స్థానాలుండవు, కప్పులుండవు. అనుభవాన్ని బట్టి గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుని 15–20 నిమిషాల సెషన్లుగా వదులుతారు. రేసు కాదు కదా అని ధైర్యంగా వెళ్లి, వెనకొచ్చిన యమహా ఆర్15 వాడు దాటేశాడని రోషపడి మలుపులో పడేవాళ్లు ప్రతి ట్రాక్ డేలోనూ ఉంటారు.

అసలు ఎందుకు పడతారు? స్పీడు ఎక్కువై కాదా?

స్పీడు ఒక్కటే కారణమైన పడటాలు తక్కువే. టైరుకి ఉన్న పట్టు ఒకటే. బ్రేక్, వంపు, యాక్సిలరేటర్ మూడూ అందులోంచే వాటా తీసుకుంటాయి. 45 డిగ్రీలు వంచితే ఆ పట్టులో చాలా భాగం మలుపు తిరగడానికే ఖర్చయిపోతుంది. ఆ స్థితిలో ముందు బ్రేక్ గట్టిగా పట్టినా, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేసినా లెక్క తప్పుతుంది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పైకెక్కి ముందు బ్రేక్ పట్టినప్పుడు హ్యాండిల్ చేతిలోంచి ఎలా మాయమవుతుందో మన పల్లెల్లో బండి తోలినవాళ్లకి చెప్పక్కర్లేదు. ట్రాక్ మీద ధాన్యం ఉండదు, జరిగేది మాత్రం అదే.

మాటిమాటికీ కనిపించే కారణాలు ఇవి.

చల్లటి టైరు. మొదటి సెషన్ మొదటి రెండు ల్యాపుల్లోనే (చుట్లలోనే) చాలామంది పడతారు. రేసర్లు వాడే టైర్ వార్మర్లు (టైరుకి చుట్టే కరెంటు దుప్పట్లు) దాదాపు 80 డిగ్రీల దాకా వేడి చేస్తాయి, దానికే ముప్పావు గంట పైన పడుతుంది. మీ దగ్గర అవి ఉండవు కాబట్టి మొదటి రెండు ల్యాపులూ వార్మర్ పని మీరే చెయ్యాలి. ఇంకో సంగతి: కుడి మలుపులు ఎక్కువుండే ట్రాక్‌లో టైరు ఎడమ వైపు చల్లగానే మిగిలిపోతుంది. చాలాసేపటికి వచ్చిన ఎడమ మలుపులో అదే ధీమాతో వంచితే ముందు చక్రం జారిపోతుంది.

మలుపు మధ్యలో భయపడటం. వేగంగా వచ్చేశామనిపించగానే చెయ్యి యాక్సిలరేటర్‌ని మూసేస్తుంది, కళ్లు ట్రాక్ అంచుని చూస్తాయి. బండి చూసిన వైపే పోతుంది. నిజానికి బండికి ఇంకా వంగే శక్తి ఉంటుంది, రైడర్‌కే నమ్మకం ఉండదు. తిన్నగా గడ్డిలోకి పోయినవాళ్లలో చాలామంది ఇంకొంచెం వంచి ఉంటే ట్రాక్ మీదే ఉండేవాళ్లు.

మూడోది, మేం అన్నిటికన్నా ముందు చెప్పేది, అలసట. రాత్రంతా రైల్లోనో కారులోనో నిద్రలేకుండా వెళ్లి, ఎండలో లెదర్ సూట్ వేసుకుని, నీళ్లు తాగకుండా నాలుగు సెషన్లు తిరిగితే అయిదో సెషన్‌లో బ్రేక్ వేసే చోటు గుర్తుండదు. ఒక రోజు ముందే చేరుకోండి. సెషన్ సెషన్‌కీ అర లీటరు నీళ్లు, మధ్యలో ఓఆర్ఎస్. కాళ్లు వణుకుతుంటే చివరి సెషన్ వదిలెయ్యండి. ఫీజు కట్టేశాం కదా అనే లెక్క అక్కడ పనికిరాదు.

లోసైడ్, హైసైడ్ అంటుంటారు. తేడా ఏంటి?

వంగిన వైపుకే చక్రం జారి బండి కింద పడితే లోసైడ్. మీరు అప్పటికే నేలకి దగ్గరగా ఉంటారు కాబట్టి పడే ఎత్తు తక్కువ, బండి మీకన్నా ముందు జారుకుంటూ పోతుంది. వెనక చక్రం జారి, మళ్లీ ఒక్కసారిగా పట్టు దొరికితే బండి అవతలి వైపుకి విసురుతుంది. అది హైసైడ్. మనిషి సీటు మీంచి గాల్లోకి లేస్తాడు. భుజం ఎముకలు విరిగేది ఎక్కువగా ఇందులోనే. వెనక జారిందని తెలియగానే యాక్సిలరేటర్ టక్కున మూసేయడమే హైసైడ్‌కి తలుపు తెరవడం. తెరిచినంత మేర అలాగే పట్టుకోవాలి, లేదా మెల్లగా తగ్గించాలి.

పడిపోతున్నామని తెలిసిపోయింది. ఆ క్షణంలో ఏం చెయ్యాలి?

బండిని వదిలెయ్యండి. నెలనెలా ఈఎంఐ కట్టేవాడికి కష్టమే, అయినా వదిలెయ్యాలి. హ్యాండిల్ పట్టుకుని ఉంటే బండితో పాటు మీరూ దొర్లుతారు.

వెల్లకిలానో బోర్లానో చదునుగా జారండి. చేతులు నేలకి ఆన్చి ఆపాలని చూడకండి, మణికట్టు పోయేది అక్కడే. పల్టీలు పడుతుంటే చేతులు ఛాతీ మీదకి ముడుచుకోండి.

ఆగిపోయామనిపించినప్పుడు ఇంకా ఆగి ఉండరు. 100 కిలోమీటర్ల వేగంలో పడిన మనిషి, లెదర్‌కీ తారుకీ మధ్య ఘర్షణ 0.7 అనుకుంటే, దాదాపు 56 మీటర్లు, 4 సెకన్ల పాటు జారతాడు. ఆ నాలుగు సెకన్లలో మూడో సెకనుకే లేవబోయి కాలు విరగ్గొట్టుకునేవాళ్లున్నారు. నేల కదలడం లేదని కళ్లతో చూశాకే లేవండి.

ఆగాక?

వెనకనుంచి వచ్చే బళ్లవైపు చూడండి. లేవగలిగితే ట్రాక్ దాటకుండా, దగ్గర్లోని బారియర్ వెనక్కి నడవండి. బండి కోసం వెనక్కి రావద్దు. దాన్ని లేపేది మార్షళ్లు (ట్రాక్ సిబ్బంది). లేవలేకపోతే కదలకుండా పడి ఉండి చెయ్యి ఊపండి. ఎవరైనా పరిగెత్తుకొచ్చి హెల్మెట్ లాగబోతే వద్దనండి. ఊపిరి ఆడకపోతే తప్ప హెల్మెట్ తియ్యకూడదు. తియ్యాల్సి వస్తే ఇద్దరు కావాలి: ఒకరు మెడ, దవడ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా జరపాలి.

మన ముందు ఇంకొకరు పడితే?

జెండా చూడండి. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, దాటడం నిషేధం. పసుపు మీద ఎర్ర చారలుంటే ట్రాక్ మీద ఆయిలో నీళ్లో ఉన్నాయి. ఎర్రది ఊపితే సెషన్ ఆగింది. అప్పుడు టక్కున బ్రేక్ వేయొద్దు, వెనకవాడు గుద్దుతాడు. చెయ్యెత్తి, వేగం తగ్గించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోటికి) రండి. పడ్డవాడు మీ స్నేహితుడే అయినా ఆగకూడదు.

దెబ్బ తగల్లేదు, బండీ బానే ఉంది. తర్వాతి సెషన్‌కి వెళ్లొచ్చా?

వద్దు. ఒళ్లు వేడి మీద ఉన్నప్పుడు నొప్పి తెలియదు. కనీసం ఒక సెషన్ కూర్చోండి, మెడికల్ రూమ్‌లో చూపించుకోండి. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆ రోజుకి అయిపోయినట్టే.

దెబ్బ చిన్నదో పెద్దదో ఎలా తెలుస్తుంది?

దూరం వల్ల మనకి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చెన్నైలో చూపించుకోకుండా "ఊరెళ్లాక చూసుకుందాం" అని రాత్రి రైలెక్కితే, పన్నెండు గంటలకి పైగా డాక్టర్‌కి దూరంగా ఉన్నట్టు. కింద చెప్పినవి ఏవైనా ఉంటే రైలు టికెట్ క్యాన్సిల్ చేసుకోండి.

తల: వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, అడిగిందే మళ్లీ అడగడం, రెండు కంటిపాపలు వేర్వేరు సైజుల్లో ఉండటం. ఇందులో ఒక్కటున్నా వెంటనే ఆసుపత్రి, సీటీ స్కాన్. ఏమీ లేకపోయినా మొదటి 24 గంటలు పక్కన మనిషి ఉండాలి. పడ్డవాడు కారు నడపకూడదు, ఆస్పిరిన్ వేసుకోకూడదు.

కడుపు: హ్యాండిల్ గుచ్చుకుంటే పైన కమిలినట్టు మాత్రమే కనిపిస్తుంది. ఎడమ డొక్కలో నొప్పి, ఎడమ భుజం కొన వరకు లాగడం, తల తిరగడం ఉంటే ప్లీహం చిట్లి ఉండొచ్చు.

మణికట్టు: బొటనవేలిని పైకి లాగినప్పుడు దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందని అనుమానించాలి. మొదటి ఎక్స్‌రేలో ఇది తరచూ కనపడదు. "ఎక్స్‌రే నార్మల్, బెణికింది" అని వదిలేస్తే ఎముక అతకదు. కట్టు వేయించుకుని 10–14 రోజులకి మళ్లీ ఎక్స్‌రే తీయించండి. ఇది శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ ఎముకల డాక్టర్ దగ్గరైనా అయ్యే పని, మర్చిపోకపోతే చాలు.

కాలర్ బోన్ విరిగితే మీకే తెలుస్తుంది, చెయ్యి లేవదు.

చర్మం గీరుకుపోయిన చోట సెలైన్‌తో బాగా కడిగి, ఇసుక రేణువులు తీయించాలి. ఆఖరి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. పసుపు, కాఫీపొడి అద్దకండి.

పడ్డాక హెల్మెట్ మళ్లీ వాడొచ్చా?

తల నేలకి తగిలితే వాడకూడదు. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్కసారే నలిగి దెబ్బని మింగుతుంది. పైన గీత కూడా లేకపోవచ్చు. చేతిలోంచి జారి ఖాళీ హెల్మెట్ పడటం వేరు, తల లోపల ఉండగా పడటం వేరు. కొత్తది కొనేటప్పుడు రోడ్డుకి ఐఎస్ఐ మార్కు చట్టప్రకారం కావాలి. ట్రాక్‌కి ఈసీఈ 22.06 అనే యూరప్ ప్రమాణం కూడా ఉన్నది, డబుల్ డి రింగ్ (రెండు లోహపు రింగుల్లోంచి దూర్చి బిగించే) పట్టీ ఉన్నది చూసుకోండి.

జీన్స్, జాకెట్ సరిపోవా?

మామూలు జీన్స్ తారు మీద మొదటి క్షణంలోనే చిరిగిపోతుంది, మిగతా మూడు సెకన్లు చర్మమే జారాలి. వన్ పీస్ లెదర్ సూట్, లేదా నడుం చుట్టూ పూర్తిగా జిప్ కలిసే టూ పీస్ ఉండాలి. లోపల ఈఎన్ 1621-2 అనే యూరప్ ప్రమాణంలో లెవెల్ 2 ఉన్న, వెన్నుని కాపాడే బ్యాక్ ప్రొటెక్టర్. గ్లవ్స్ మణికట్టు దాటి రావాలి, అరచేతి మడమ దగ్గర జారే ప్లాస్టిక్ స్లైడర్ ఉండాలి. పైన చెప్పిన స్కాఫాయిడ్‌ని కాపాడేది అదే. బూట్లు చీలమండ దాటాలి. సూట్ అద్దెకి దొరుకుతుంది, కానీ వదులు సూట్ పడినప్పుడు మోకాలి ప్యాడ్‌ని పక్కకి తిప్పేస్తుంది. కాబట్టి వేసుకుని వంగి చూశాకే తీసుకోండి.

బండిని పిట్‌లోకి తెచ్చారు. ఏ వరసలో చూడాలి?

ముందు తాళం ఆఫ్. పెట్రోల్ కారుతోందా? తర్వాత ఇంజిన్ కింద కొత్త గుడ్డ పరిచి పది నిమిషాలు వదిలెయ్యండి. ఆయిల్ చుక్కా, కూలెంట్ చుక్కా దాని మీద కనపడిపోతాయి. కుడివైపు పడితే క్లచ్ కవర్, ఎడమవైపు పడితే మ్యాగ్నెట్ కవర్ అరిగి కన్నం పడుతుంది. ఇది ఆర్15కైనా కేటీఎం ఆర్‌సి 390కైనా ఒకటే.

ఆ తర్వాత హ్యాండిల్. పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి రెండు చోట్లా యాక్సిలరేటర్ తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. గ్రిప్ లోపల ఇసుక దూరినా, ట్యాంకుకి తగులుతున్నా రాదు. యాక్సిలరేటర్ ఇరుక్కున్న బండిని ఎవరికీ ఇవ్వకూడదు.

బండి ముందు నిలబడి చూడండి. చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ వంకరగా ఉంటే, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు పైపులు) టీ (వాటిని హ్యాండిల్ దగ్గర కలిపి పట్టుకునే బిగింపు) లోపల మెలిపడ్డాయి. ఇది చాలాసార్లు బెండు కాదు. చక్రం ఇరుసు (యాక్సిల్), కింద టీ బోల్టులు, మడ్‌గార్డ్ బోల్టులు వదులు చేసి, ముందు బ్రేక్ పట్టి రెండు మూడుసార్లు గట్టిగా అదిమి, మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగిస్తే తిన్నబడుతుంది. తిన్నబడకపోతే ఫోర్క్ పైపు వంగినట్టే.

చక్రం పైకి లేపి తిప్పండి. రిమ్ ఊగుతోందా, డిస్క్ ఒక చోట ప్యాడ్‌కి రాసుకుంటోందా? ముందు బ్రేక్ లివర్ మెత్తగా ఉంటే గాలి దూరింది. లివర్ కొన విరిగినా రెండు వేళ్లకి చోటుంటే పర్వాలేదు. మొదట్లో పగులుంటే మార్చాల్సిందే.

ఫుట్‌రెస్ట్, గేర్ లివర్, వెనక బ్రేక్ పెడల్ వంగాయా చూడండి. వెనక బ్రేక్ కొంచెం పట్టేసి ఉంటే రెండు ల్యాపుల్లో డిస్క్ నీలంగా మాడుతుంది. చివరగా ఫ్రేమ్: హ్యాండిల్ స్టాపర్ విరిగిందా, ఇంజిన్ మౌంట్ల దగ్గర పెయింట్ పగిలిందా? అక్కడ పెయింట్ పగిలితే కింద ఇనుములో కూడా పగులు వెతకాలి.

బండి స్టార్ట్ అవ్వట్లేదు.

చాలా బళ్లలో పడినప్పుడు ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సర్దుకుంటుంది. అప్పటికీ అవ్వకపోతే కిల్ స్విచ్, తర్వాత సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ లివర్ దగ్గరి స్విచ్. బండి తలకిందులైతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. ఆయిల్ ఎయిర్ బాక్స్‌లోకీ సిలిండర్‌లోకీ దిగి ఉండొచ్చు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూసి, స్పార్క్ ప్లగ్ విప్పి అప్పుడు తిప్పాలి. లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కవర్‌కి చిన్న కన్నం పడింది. ఎం-సీల్ పెట్టి మిగతా సెషన్లు తిరగొచ్చా?

బండిని లారీ ఎక్కించే దాకా ఆయిల్ కారకుండా ఆపడానికి పెట్టుకోండి. దానితో ట్రాక్‌లోకి వెళ్లి అది ఊడితే ఆయిల్ మీ వెనక చక్రం కింద, తర్వాత మీ వెనక వచ్చేవాళ్ల చక్రాల కింద పడుతుంది. ఎక్కువ ట్రాక్‌ల్లో అలాంటి బండిని లోపలికి వదలరు కూడా.

బండికి స్లైడర్లు (పక్కల బిగించే ప్లాస్టిక్ మొనలు) పెట్టిస్తే దెబ్బ తగలదా?

తారు మీద మెల్లగా జారితే కవర్లనీ ఫెయిరింగ్‌నీ (పక్కల ప్లాస్టిక్ తొడుగుని) కాపాడతాయి. గడ్డిలోకో మట్టిలోకో వెళ్తే అవే నేలలో గుచ్చుకుని బండిని పల్టీ కొట్టిస్తాయి. పొడవైనవి ఫ్రేమ్ బోల్టుని లోపలికి వంచుతాయి కూడా. మా అభిప్రాయంలో పొట్టి స్లైడర్లు, వాటికన్నా ముందు గట్టి ఇంజిన్ కవర్ ప్రొటెక్టర్లు. రోడ్డు మీద పెట్టుకునే పెద్ద ఇనుప గార్డ్ ట్రాక్‌కి తీసేయండి, వంపులో అదే ముందు నేలకి తగిలి చక్రాన్ని లేపేస్తుంది.

బయల్దేరే ముందు ఇక్కడే చేయించుకోవాల్సినవి?

కూలెంట్ తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఆరదు, ట్రాక్ మీద సబ్బులా ఉంటుంది. తిరిగొచ్చాక మళ్లీ కూలెంట్ పోయడం మర్చిపోకండి, లోపల తుప్పు పడుతుంది. ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఊడకుండా దానికి సన్న తీగ కట్టించండి. లేత్ షాపులో బోల్టు తలకి చిన్న కన్నం వేస్తారు. అద్దాలు తీసేయాలి, లైట్లకి టేప్ వేయాలి.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. గీతలు బాగున్నా అయిదారేళ్లు దాటిన టైరుతో వెళ్లకండి. గాలి విషయంలో టైరు కంపెనీ ట్రాక్‌కి చెప్పిన లెక్క పాటించండి. చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి వేడెక్కాక 4–6 పీఎస్ఐ పెరగడం మామూలే, అందుకే రోడ్డు లెక్కలో నింపి వెళ్తే టైరు ఉబ్బి నేలని తక్కువ తాకుతుంది. తగ్గించిన గాలిని రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

బండికి రాదనే అనుకోండి. మామూలు వాహన పాలసీలో రేసింగ్, వేగ పరీక్షలకి వాడితే వర్తించదని రాసి ఉంటుంది, జీరో డెప్ (అరుగుదల కోత లేని పాలసీ) తీసుకున్నా అంతే. "హైవే మీద పడింది" అని చెప్పి క్లెయిమ్ వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది మోసం, ట్రాక్‌లో మీరు సంతకం పెట్టిన ఫారమే సాక్ష్యం.

మీ వైద్య ఖర్చు వేరే సంగతి. ఆరోగ్య పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపు సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నవారి గురించి చెబుతుంది, అందులో మోటార్ రేసింగ్ పేరుంది. సరదాకి వెళ్లే మీకు ఎలా వర్తిస్తుందో వెళ్లకముందే కంపెనీకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కకి రాదు.

ఆ బండి మీదే చెన్నై వెళ్లి, ట్రాక్ చేసి, దానిమీదే వచ్చేయొచ్చా?

చాలామంది చేసే పనే, మేం వద్దనే పనే. పడకపోయినా అలసిపోయి 900 కిలోమీటర్లు రావాలి. పడితే వంగిన ఫోర్కుతో రావాలనిపిస్తుంది. ముగ్గురు కలిసి బొలెరో పికప్ మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. కట్టేటప్పుడు ముందు చక్రం క్యాబిన్ గోడకి ఆన్చి, నాలుగు రాచెట్ బెల్టులు వేయండి. ముందు రెండూ కింద టీకి కట్టాలి, వంగిన హ్యాండిల్‌కి కాదు. ఫోర్కు సగం వరకే అదమాలి, పూర్తిగా అదిమితే సీళ్లు పోతాయి. సైడ్ స్టాండ్ వేసి ఉంచొద్దు. 50 కిలోమీటర్లకి ఒకసారి ఆపి బెల్టులు చూడండి.

రైల్లో పంపితే?

పార్సిల్ ఆఫీసులో ఆర్‌సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు కాపీలు అడుగుతారు. ట్యాంకు పూర్తిగా ఖాళీ ఉండాలి. స్టేషన్ బయటే గోనెపట్టాలు చుట్టి ప్యాక్ చేసేవాళ్లుంటారు. పడిన బండైతే ఆయిల్, బ్యాటరీ కారకుండా చూసుకుని, విరిగిన ముక్కలు విడిగా సంచిలో కట్టండి, లేకపోతే అవి రావు. దింపే స్టేషన్ రాసేటప్పుడు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందని బండి తేవడానికి వెళ్లేవాడికి ముందే చెప్పండి.

ఇక్కడి మెకానిక్ బాగు చేయగలడా?

లివర్లు, ఫుట్‌రెస్టులు, కోన్‌సెట్ (హ్యాండిల్ బేరింగులు), క్లచ్ కవర్ మార్చడం నిశ్చింతగా చేస్తారు. అల్యూమినియం కవర్‌కి టిగ్ వెల్డింగ్ కూడా అవుతుంది, వెల్డ్ చేశాక గాస్కెట్ కూర్చునే ముఖం చదునుగా ఉందో లేదో అద్దం మీద పెట్టి చూడమనండి. వంగిన ఫోర్క్ పైపుని, అల్లాయ్ రిమ్‌ని ప్రెస్‌లో తిన్నబెట్టిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి వంగి మళ్లీ తిన్నబడిన లోహం తర్వాతి దెబ్బకి చెప్పకుండా విరుగుతుంది. ఫ్రేమ్ అనుమానముంటే జిగ్ (ఫ్రేమ్‌ని బిగించి కొలిచే చట్రం) మీద కొలిచే విశాఖ వర్క్‌షాపుకే పంపాలి.

ఎన్‌హెచ్ 16 మీద తెల్లవారుజామున ప్రాక్టీస్ చేస్తే పడకుండా ఉంటామా?

ఉండరు. అక్కడ గేదెలొస్తాయి, ఎదురు దారిలో ట్రాక్టర్లొస్తాయి, మార్షళ్లు రారు. ఖాళీ మైదానంలో 40 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ మెల్లగా పట్టి మెల్లగా వదలడం వందసార్లు చెయ్యండి. ట్రాక్‌లో పనికొచ్చేది ఆ వేళ్ల అలవాటే.

ట్రాక్ ఫారంలో అత్యవసర నంబరు ఎవరిది ఇవ్వాలి?

మీతో పాటు ట్రాక్ మీద తిరిగే స్నేహితుడిది కాదు, అతని ఫోన్ లాకర్‌లో ఉంటుంది. పిట్‌లో కూర్చునేవాడిది ఒకటి, ఇంట్లోవాళ్లది ఒకటి ఇవ్వండి. రక్తం గ్రూపు, పడని మందులు, వాడుతున్న మందులు కాగితం మీద రాసి సూట్ లోపలి జేబులో పెట్టుకోండి. ఇంట్లో "చెన్నై ఫ్రెండ్ పెళ్లికి" అని చెప్పి వెళ్తే, ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసినప్పుడు మీ అమ్మ అది మోసపు కాల్ అనుకుని కట్ చేస్తుంది.